పిప్పి మిగిలిందా, కార్శి మిగిలిందా?

2021 సెప్టెంబరు చివరి వారం నుంచి తిరుమల కొండెక్కాలంటే దర్శనం టికెట్టు ఒక్కటే సరిపోలేదు. రెండు డోసుల టీకా వేయించుకున్నట్టు ధ్రువపత్రమైనా ఉండాలి, మూడు రోజుల్లోపు చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ వచ్చిన చీటీ అయినా ఉండాలి. అలిపిరి దగ్గర జేబులోంచి ఆ చీటీ తీసి చూపించినవాళ్లలో దాన్ని చదివినవాళ్లు ఎంతమందో చెప్పలేం. చదవడానికి అందులో ఉన్నది ఒక్క మాటే. దాన్ని విప్పి చెబితే ఇంతవుతుంది: ఫలానా రోజు ముక్కులోనో గొంతులోనో పుల్ల పెట్టి తీసిన కాస్త తేమలో, ఫలానా వైరస్ జన్యుపదార్థం యంత్రానికి అందేంత దొరకలేదు. మనిషి ఒంట్లో ఆ వైరస్ లేదని ఆ చీటీ ఎన్నడూ చెప్పలేదు. చెప్పిందని మనమే అనుకున్నాం.

కొవిడ్ రోజుల్లో మూడు వేర్వేరు ప్రశ్నలకు ఒకే చీటీతో జవాబు రాబట్టాలని చూశాం. ఈ మనిషికి జబ్బు ఉందా? ఇతనివల్ల పక్కవాడికి అంటుకుంటుందా? జబ్బు తగ్గాక ఒంట్లో ఏమైనా మిగిలిందా? మొదటి ప్రశ్నకు పరీక్ష బాగానే పనికొచ్చింది. రెండోదానికి అరకొరగా పనికొచ్చింది. మూడోదాన్ని అడిగినవాళ్లే తక్కువ. ఆ మూడో ప్రశ్నే ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నలుగుతోంది. దాని ఆనవాళ్లు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల అనుభవంలో 2020కి ముందే ఉన్నాయి.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మొదటి కేసు 2020 మార్చి చివరి వారంలో శ్రీకాళహస్తిలో బయటపడింది. లండన్ నుంచి వచ్చిన యువకుడు. ఏప్రిల్ వచ్చేసరికి శ్రీకాళహస్తి పేరు రోజూ బులెటిన్‌లో వినపడసాగింది. వీధులకు కంచెలు పడ్డాయి. రాష్ట్రంలో ఈ పరీక్ష మొట్టమొదట మొదలైన ప్రయోగశాల తిరుపతిలోనే, స్విమ్స్ ఆస్పత్రిలో ఉంది. అంతకుముందు నమూనాలు పుణెకో, హైదరాబాద్ గాంధీ ఆస్పత్రికో పోయేవి. పక్కనే ఉన్న శ్రీ పద్మావతి వైద్య కళాశాల ఆస్పత్రిని కొవిడ్ రోగులకే కేటాయించారు, రుయా ఆస్పత్రిలో వార్డులు తెరిచారు. రోగిని ఇంటికి పంపడానికి అప్పటి నియమం కఠినంగా ఉండేది. 24 గంటల తేడాతో చేసిన రెండు పరీక్షల్లో వరుసగా నెగెటివ్ రావాలి.

చిక్కు అక్కడే మొదలైంది. జ్వరం ఎప్పుడో పోయింది. దగ్గు లేదు, పెట్టింది తింటున్నాడు, వార్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పరీక్ష మాత్రం పాజిటివ్. రెండు రోజులాగి చేస్తే నెగెటివ్. హమ్మయ్య అనుకునేలోగా మర్నాటి పరీక్షలో మళ్లీ పాజిటివ్. దేశంలో ఏ కొవిడ్ వార్డును చూసినా ఇదే వరస. ఇంటికి చేరిన మనిషికి పది రోజుల తర్వాత మళ్లీ పాజిటివ్ వస్తే వీధి వీధంతా తలుపులు వేసుకునేది. పాలు పోసేవాడు గుమ్మం దాకా రాడు. జబ్బుకన్నా ఈ ‘మళ్లీ పాజిటివ్’ ఎక్కువ బెదరగొట్టింది.

అది అర్థం కావాలంటే యంత్రం ఏం వెతుకుతుందో తెలియాలి. దానికి చిత్తూరు చెరకు తోటే మంచి పోలిక. సహకార చక్కెర మిల్లులు మూతపడినా బెల్లం గానుగలు పూర్తిగా చల్లారని నేల ఇది.

గానుగలో రసం తీసేశాక పిప్పి మిగులుతుంది. ఆ పిప్పిని ఒక పరికరం ముందు పెట్టి ఇందులో చెరకు ఉందా అని అడిగితే, ఉందనే చెబుతుంది. నార చెరకుదే కదా. కన్ను బతికున్న ముచ్చెను, అంటే నాటే చెరకు ముక్కను, పెట్టినా అదే మాట చెబుతుంది. మట్టిలో పెడితే ముచ్చె మొలుస్తుంది, పిప్పి మొలవదు. పరికరానికి ఆ తేడా పట్టదు. ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష అలాంటి పరికరమే. కరోనా వైరస్ జన్యుసూత్రం దాదాపు 30 వేల అక్షరాల పొడవు. అందులో రెండు మూడు చోట్ల, చోటుకు వందో అంతకు కాస్త అటూ ఇటూగానో అక్షరాలను మాత్రమే పరీక్ష వెతుకుతుంది. ఆ తునక దొరికితే చాలు, మిగతా వైరస్ ఉన్నా లేకపోయినా పాజిటివే. వైరస్ బతికే ఉందో లేదో తేలాలంటే నమూనాను ప్రయోగశాలలో జీవకణాల మీద వేసి పెరుగుతుందేమో చూడాలి. ముచ్చెను నాటి చూడడమన్నమాట. దానికి రోజులు పడతాయి, ప్రమాదకర సూక్ష్మజీవులను పెంచడానికి ప్రత్యేకంగా కట్టిన గదులు కావాలి. రోజుకు వేలాది నమూనాలు వచ్చిపడే కాలంలో అది అయ్యే పని కాదు.

దొరికిన తునకను యంత్రం చుట్టుచుట్టుకూ రెట్టింపు చేసుకుంటూ పోతుంది. ఎన్నో చుట్టులో ఆనవాలు కనబడిందో అదే సీటీ విలువ. 20వ చుట్టులోనే కనబడిన నమూనాకూ 35వ చుట్టు దాకా కనబడని నమూనాకూ మధ్య తేడా 15 రెట్టింపులు, అంటే 32 వేల రెట్ల పైమాటే. 35 వరకూ వస్తే పాజిటివ్‌గానే లెక్కించాలని భారత వైద్య పరిశోధన మండలి గీత గీసింది. జబ్బు పట్టడమే లక్ష్యమైనప్పుడు ఆ గీత సబబే. కానీ రిపోర్టు చేతికొచ్చేసరికి 18 అయినా 34 అయినా ఒకటే ముద్ర. పైగా జనం ఈ సీటీని సీటీ స్కాన్‌తో కలిపేసుకున్నారు. ఊపిరితిత్తుల స్కాన్‌లో స్కోరు 25కి ఇంత అని ఇస్తారు, అది ఎంత పెరిగితే అంత చేటు. పరీక్ష సీటీ విలువ ఎంత తగ్గితే వైరస్ అంత ఎక్కువ. ఒకటి పెరిగితే భయం, ఇంకొకటి తగ్గితే భయం. రెండో వేవ్‌లో ఈ తికమకతో ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో లెక్క తీసినవాళ్లు లేరు.

‘మళ్లీ పాజిటివ్’ గుట్టును దక్షిణ కొరియా విప్పింది. ఒకసారి కోలుకొని తిరిగి పాజిటివ్ వచ్చిన 285 మందిని, వాళ్లతో మెలగిన 790 మందిని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ వెంబడించి చూసి 2020 మేలో ఫలితం చెప్పింది. వాళ్లవల్ల కొత్తగా జబ్బు అంటుకుందని గట్టిగా చెప్పగలిగిన కేసు ఒక్కటీ లేదు. 108 మంది నమూనాలను కణాల మీద పెంచి చూస్తే ఒక్కటీ మొలకెత్తలేదు. అంతా పిప్పే. అంతకు నెల ముందు జర్మనీలోని మ్యూనిక్ వైద్యులు తొమ్మిది మంది రోగులను చూసి ఇలాంటి మాటే అన్నారు. జబ్బు లక్షణాలు మొదలైన ఎనిమిది రోజుల తర్వాత, జన్యుపదార్థం దండిగా ఉన్నా, పెరగగల వైరస్ దొరకలేదు.

మన దేశంలో నియమం 2020 మే 8న మారింది. జబ్బు స్వల్పంగా ఉన్నవాళ్లను లక్షణాలు కనబడిన పది రోజులకు, చివరి మూడు రోజులు జ్వరం లేకుంటే, మళ్లీ పరీక్ష చేయకుండానే పంపవచ్చు. పడకలు చాలక మార్చారని అప్పట్లో గుసగుసలు వినవచ్చాయి. సమయం కూడా అలాంటిదే. చెన్నై కోయంబేడు మార్కెట్టు అదే వారం మూతపడింది. అక్కడికి కూరగాయలు తోలిన రైతులు, లారీ డ్రైవర్లు, కూలీల ద్వారా చిత్తూరు జిల్లా ఊళ్లలో కేసులు వరస కట్టాయి. పడకల ఒత్తిడి నిజమే, అయినా నియమం మారడానికి శాస్త్రమూ అండగా నిలిచింది. ఆ తీర్పులో తప్పు పట్టాల్సింది లేదు.

తప్పు ఆ తర్వాత జరిగింది. మిగిలినదానివల్ల పక్కవాడికి ముప్పు లేదని తేలింది. మిగిలినదానివల్ల ఆ మనిషికీ ఏమీ కాదని మాత్రం ఎవరూ తేల్చలేదు. రెండూ ఒకటేనన్నట్టు అందరం ముందుకు సాగిపోయాం.

ముక్కులో దొరకకపోతే ఒంట్లో లేనట్టేనా? మహమ్మారి మొదటి నెలల్లోనే దీనికి జవాబు వచ్చింది. చైనాలో 205 మంది రోగుల నుంచి తీసిన నమూనాల లెక్క 2020 మార్చిలో అచ్చయింది. ఊపిరితిత్తులు కడిగి తీసిన 15 నమూనాల్లో 14 పాజిటివ్. గొంతులోంచి తీసిన 398 నమూనాల్లో పాజిటివ్ 126 మాత్రమే. అందరూ రోగులే. పుల్ల ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి నెగెటివ్ వస్తుంది, పాజిటివ్ వస్తుంది.

పేగు ఇంకో కథ చెప్పింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 113 మందిని నెలల తరబడి గమనించారు. ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం రానివాళ్లే వీళ్లు. నాలుగు నెలలు గడిచాక గొంతు నమూనాల్లో ఎవరికీ ఏమీ లేదు. అదే సమయానికి మలంలో 12.7 శాతం మందికి వైరస్ జన్యుపదార్థం కనబడింది, ఏడు నెలలకూ 3.8 శాతం మందికి ఉంది. న్యూయార్క్‌లో మరో బృందం కోలుకున్న 14 మంది పేగుల నుంచి నాలుగు నెలల తర్వాత చిన్న ముక్కలు తీసి చూస్తే, ఏడుగురిలో వైరస్ జాడ దొరికింది. ఇక 2022 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు 44 మృతదేహాలకు చేసిన శవపరీక్షల వివరాలు ప్రకటించారు. గుండె, శోషరస గ్రంథులు, మెదడు సహా అనేక చోట్ల జన్యుపదార్థం ఉంది. ఒక కేసులో జబ్బు మొదలైన 230 రోజుల తర్వాత కూడా. ఇవి ఎక్కువగా తీవ్రంగా జబ్బుపడి చనిపోయినవాళ్ల దేహాలన్నది మరచిపోకూడదు. ఇంటి దగ్గర నాలుగు రోజులు పడుకొని లేచినవాళ్ల ఒళ్లూ ఇలాగే ఉంటుందని దాన్నుంచి తేల్చేయలేం.

ఇక్కడ రాయలసీమ తన పాత జ్ఞాపకాన్ని తవ్వుకోవచ్చు. 2005 చివరలో, 2006లో చికున్‌గున్యా దేశంలోకి 32 ఏళ్ల తర్వాత తిరిగొచ్చినప్పుడు మొదటి దెబ్బ తిన్నవాటిలో రాయలసీమ జిల్లాలు ఉన్నాయి. ఆ పేరు పలకడానికి నోరు తిరగక చాలా ఊళ్లలో కీళ్ల జ్వరం అన్నారు. జ్వరం వారంలో దిగిపోయింది. కీళ్లు దిగలేదు. పొద్దున మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకోవాలి, చెంబు ఎత్తితే మణికట్టు పీకుతుంది, కలుపు తీయడానికి కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యి అందించాలి. నెలలు, కొందరికి ఏడాది దాటింది. ‘జరం బోయింది గానీ సత్తవ రాలే’ అని ఆ ఏడు అనని ఊరు లేదు. టాంజానియా, మొజాంబిక్ సరిహద్దుల్లోని మకొండే భాషలో చికున్‌గున్యా అంటే వంగిపోవడం. పేరు పెట్టినవాళ్లు చూసే పెట్టారు.

నెగెటివ్, పాజిటివ్ అనే మాటలు అప్పటికి పల్లెలకు రాలేదు. జ్వరం పోయాక కీళ్లలో ఏముందని పరీక్షించినవాళ్లూ లేరు. అదే కాలంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో అదే జబ్బు విజృంభించి, జనాభాలో మూడోవంతు మందికి సోకింది. అక్కడి వైద్యులు కీళ్ల నొప్పులు తగ్గని ఒక రోగి కీలు పొరను 18 నెలల తర్వాత పరీక్షించారు. రక్తకణాల జాతికి చెందిన కొన్ని కణాల్లో వైరస్ జన్యుపదార్థమూ, ప్రోటీన్లూ దాక్కొని ఉన్నాయి. అంటే పిప్పి కాదు, కార్శి ఏమోనన్న అనుమానం. చెరకు కొట్టేశాక నేలలో మిగిలిన మొదలు మళ్లీ చిగురించి వచ్చేదే కార్శి తోట. పైన నేల చదునుగానే ఉంటుంది, వేరు కింద ఉంటుంది.

అనుమానం తేలిపోయిందా? లేదు. కొన్నేళ్ల తర్వాత కొలంబియాలో 38 మంది దీర్ఘకాలిక రోగుల కీళ్లలోంచి నీరు తీసి పరీక్షిస్తే ఒక్కరిలోనూ వైరస్ జాడ లేదు. వైరస్ పోయినా అది రెచ్చగొట్టిన రోగనిరోధక వ్యవస్థే కీళ్లను తింటూ ఉండవచ్చని వాళ్ల ఆలోచన. ఒకరు పొరను చూశారు, ఇంకొకరు నీటిని చూశారు. పుల్ల పెట్టిన చోటు గొడవ ఇక్కడా తప్పలేదు.

శాస్త్రవేత్తలను నిజంగా ఇబ్బంది పెడుతున్నది కరోనా, చికున్‌గున్యా వైరస్‌ల జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ స్వభావం. డీఎన్‌ఏ మొండిది. ఆటలమ్మ వైరస్ డీఎన్‌ఏ జాతిదే కాబట్టి వెన్నుపాము పక్క నరాల ముడుల్లో నలభై ఏళ్లు ముడుచుకు పడుకొని, ముసలితనంలో సర్పిగా లేస్తుందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. ఒంట్లో దాన్ని తునకలు చేసే ఎంజైములు అడుగడుగునా ఉంటాయి. బయట పడి ఉన్న ఆర్‌ఎన్‌ఏ నెలల తరబడి నిలవడం అసంభవం. నిలిచిందంటే రెండే దారులు కనబడతాయి. ఏదో కణంలో పొరల చాటున భద్రంగా ఉండాలి, లేదా ఎక్కడో కొద్దికొద్దిగా కొత్తది తయారవుతూ ఉండాలి. ఉత్త పిప్పి అని కొట్టిపారేసేవాళ్లు ఈ లెక్కకు జవాబు చెప్పాల్సి ఉంటుంది.

తట్టు విషయంలో మరో వింత ఉంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డయాన్ గ్రిఫిన్ బృందం కోతుల మీద చేసిన అధ్యయనంలో, పెరగగల తట్టు వైరస్ కొద్ది వారాల్లోనే పోయినా దాని ఆర్‌ఎన్‌ఏ నెలల పాటు రక్తంలో, శోషరస గ్రంథుల్లో ఉండిపోయింది. తట్టు ఒకసారి వస్తే జన్మలో మళ్లీ రాకపోవడానికి ఈ మిగులే కారణం కావచ్చని ఆమె వాదన. రోగనిరోధక వ్యవస్థకు పాఠం పదేపదే చదివించే వాచకంలాంటిదన్నమాట. మిగిలిన ప్రతిదీ శత్రువే అనుకుంటే ఇక్కడ తప్పులో కాలేసినట్టే. ఎబోలా మాత్రం పూర్తిగా ఎదురు కథ. రక్తంలో నెగెటివ్ వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన ఒక అమెరికన్ వైద్యుడి కంట్లో, తొమ్మిది వారాల పైబడ్డాక, బతికున్న వైరస్ దొరికింది. నీలి కన్ను కొన్నాళ్లు ఆకుపచ్చగా మారింది.

మామూలు మనిషికి ఇదంతా భయపడాల్సిన సంగతి కాదు. జాగ్రత్తపడాల్సినవాళ్లు వేరే ఉన్నారు. మూత్రపిండం మార్పిడి చేయించుకొని రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు వాడేవాళ్లు, రక్త క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, హెచ్ఐవీకి మందులు సరిగా వాడనివాళ్లు. వీళ్లలో మిగిలింది చాలాసార్లు పిప్పి కాదు. లండన్‌లో అలాంటి ఒక రోగిలో కొవిడ్ వైరస్ 505 రోజులు కొనసాగింది. తిరుపతి స్విమ్స్‌కో, చిత్తూరు వాళ్లు నేటికీ రాయవేలూరు అని పిలిచే వేలూరు సీఎంసీకో బస్సెక్కే రోగుల్లో ఇటువంటివాళ్లు కొద్దిమంది కాదు. కొరియా లెక్క చూపి పది రోజుల నియమాన్ని వీళ్లకూ అంటగడితే పొరపాటే. 2020 మే నాటి నియమంలోనే వీళ్లను విడిగా చూడమని ఉంది. రద్దీలో విడిగా చూసే తీరిక ఎవరికి దొరికిందన్నది వేరే సంగతి.

ఇక నెలల తరబడి ఆయాసం, నీరసం, మతిమరుపు అంటూ తిరిగేవాళ్లు. కొవిడ్ తర్వాతి సమస్యలను రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో చేర్చింది. అయినా వీళ్లకు ఎక్కువగా ఎదురైన మాట ‘రిపోర్టులన్నీ నార్మల్, మనసులోనే ఉంది’. మిగిలిన వైరస్సే కారణమైతే వైరస్ మందుతో తగ్గాలి కదా అని స్టాన్‌ఫర్డ్‌లో 155 మందితో పరీక్షించి చూశారు. ప్యాక్స్‌లోవిడ్ మామూలుగా ఐదు రోజులు ఇచ్చే మందు, 15 రోజులిచ్చారు. 2024లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ దీన్ని మింగినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. వైరస్ మిగలడం కారణం కాదని దీంతో రుజువైందని కొందరంటారు. మందు దాక్కున్న చోటికి చేరలేదని కొందరు, ఎవరిలో మిగిలిందో ముందు తేల్చకుండా అందరికీ ఇచ్చారని ఇంకొందరు అంటారు. చివరి ఆక్షేపణలో పస ఉంది. ఏ తోటలో కార్శి ఉందో చూడకుండా పొలమంతా దున్నినట్టయింది.

మనిషి మనిషినీ పట్టుకొని పరీక్షించడం కుదరని చోట మురుగునీరు పనికొస్తుంది. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగుశుద్ధి కేంద్రాల నమూనాలు పరీక్షించి, 35 రోజుల వ్యవధిలో 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఆ 35 రోజుల లెక్క ఎక్కడిది? వైరస్ సోకిన మనిషి మలంలో జన్యుపదార్థం అన్ని రోజుల వరకూ పోతుందన్న గమనింపు నుంచి వచ్చింది. ఆస్పత్రిలో చిరాకు పుట్టించిన మిగులే ఇక్కడ కొలబద్ద అయింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇంకా విడ్డూరం జరిగింది. 2022లో అక్కడి మురుగులో మరెక్కడా కనబడని కరోనా రకం ఒకటి పదేపదే కనబడింది. మ్యాన్‌హోలు మ్యాన్‌హోలూ వెతుక్కుంటూ వెళ్తే ముప్పై మంది దాకా పనిచేసే ఒకే కార్యాలయ భవనం దగ్గర తేలారు. ముక్కు పరీక్షకు ఒప్పుకున్న ఉద్యోగులందరికీ నెగెటివ్. మురుగులో మాత్రం నెలల తరబడి అదే రకం.

తిరుపతిలో ఈ పని చేయాలంటే హైదరాబాద్ లెక్క నేరుగా కుదరదు. యాత్రికుడు ఇక్కడ 35 రోజులు ఉండడు. ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు ఉండి రైలెక్కేస్తాడు. రోజుకు అరవై డెబ్బై వేల మంది అలా వచ్చిపోతుంటే, ఊరి మురుగులో దొరికింది ఊరివాళ్లదో, ఒడిశా నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చి వెళ్లినవాళ్లదో తెలియదు. అయితే ఆ చిక్కును విడదీసే వీలు కూడా ఈ ఊరికే ఉంది. కొండ మీద దాదాపు అంతా యాత్రికులే, అక్కడి మురుగును తిరుమల తిరుపతి దేవస్థానం అక్కడే శుద్ధి చేస్తుంది. కొండ కింది నగరానిది తూకివాకం శుద్ధి కేంద్రానికి పోతుంది. వారానికి ఒకసారి రెండు చోట్లా సీసా నింపి పోల్చి చూడడానికి కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. ఆ నమూనాలు చదవగల ప్రయోగశాల 2020 నుంచీ స్విమ్స్‌లో పనిచేస్తూనే ఉంది.